మొదటి వరుస, పదిహేడు బ్లాకులు

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పెరటి చివర ఉన్న స్నానాల గది దాకా రాత్రిపూట నడవలేకపోతోంది. జూన్ సెలవులకు కోనసీమ వెళ్లినప్పుడు వంటగదిని ఆనుకుని ఆమెకొక చిన్న స్నానాల గది కట్టించాలని బయలుదేరే ముందే అనుకున్నాం. మేస్త్రికి అప్పగించి ఊరుకోవచ్చు. కానీ అమెరికాలో మేముండే ఒహాయోలో మా తోట గోడను నేనూ పిల్లలూ కలిసి సిమెంటు బ్లాకులతో కట్టుకున్నాం. అమ్మమ్మ గదికి కనీసం మొదటి వరుస మన చేతులతోనే పడాలని మా అమ్మాయి పట్టుబట్టింది. తనకు పదమూడేళ్లు, తమ్ముడికి తొమ్మిది.

ఊళ్లో ఎవరికీ నచ్చలేదు. "అంత దూరం నుంచి వచ్చి పిల్లల చేత మట్టి పని చేయిస్తావా?" అని పిన్ని కోప్పడింది. పిన్ని మాట అర్థం చేసుకోగలను. నేను పెరిగిన ఇంట్లో తాపీ పట్టినవాళ్లు ఎవరూ లేరు. సిమెంటు, ఇసుక కలిపిన మాలు మోసే ఆడవాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాను గానీ, తాపీ పట్టిన ఆడమనిషిని మా ఊళ్లో ఇప్పటికీ చూడలేదు. నేను తాపీ పట్టింది పరాయి దేశంలోనే. అక్కడ కూలి ఖరీదు, ఎవరి గోడ వాళ్లు కట్టుకోవడం మామూలు. ఆ దేశం మా పిల్లలకు నేర్పిన మంచి అలవాట్లలో ఇదొకటని నేను మనసారా నమ్ముతాను. ఊరికి రాగానే దాన్ని గుమ్మం బయట వదిలిపెట్టమని వాళ్లకు చెప్పలేను.

మేస్త్రిగారు మా నాన్నకు ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషి. వయసు అరవై దాటింది. మేం చెప్పింది విని, ఒక్క నిమిషం ఆలోచించి, "సరేనండి, రమ్మనండి" అన్నారు.

పునాది పని ఆయనే ముందు పూర్తి చేశారు. కాలువలకు నీళ్లు వదిలాక మా వైపు రెండడుగులు తవ్వితే చాలు, గోతిలో ఊట ఊరుతుంది. ఒండ్రు నేల. అందుకని ఇసుక నింపి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టి, పైన కాంక్రీటు వేశారు. గది నేల ఎంత ఎత్తులో ఉండాలో మాత్రం మా నాన్న నిర్ణయించారు. 1986 ఆగస్టు గోదావరి వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో మా అరుగు స్తంభం మీద గీత గీసి ఉంటుంది. అప్పటికి నాకు నాలుగేళ్లు. ఆ గీత కన్నా జానెడు పైకి ఉండాలన్నారాయన. మా అబ్బాయి స్తంభం పక్కన నిలబడి, ఆ గీత తన నడుము దాకా రావడం చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

గది ఆరడుగులకు ఎనిమిదడుగులు. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి మా అమ్మాయి కాగితం మీద వర్గాలు కలిపి, వర్గమూలం తీసి, ఎదురెదురు మూలల మధ్య పది అడుగులు రావాలని చెప్పింది. మేస్త్రిగారు కాగితం వైపు చూడలేదు. "మూడు, నాలుగు, అయిదు. దానికి రెట్టింపు" అని టేపు చివర తన చేతికిచ్చారు. లాగితే పది అడుగులు. రెండో వైపు లాగితే అర అంగుళం తక్కువ. దారం కట్టిన మేకును ఆయన కాస్త జరిపారు, మళ్లీ లాగారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. బడిలో సెంటీమీటర్లు చదువుకునే మా అన్నయ్య పిల్లలకు ఆ అడుగుల లెక్క అందలేదు. ఒహాయో పిల్లలకూ కోనసీమ మేస్త్రికీ మాత్రం కొలత ఒకటే.

తలుపుకు రెండు బ్లాకుల చోటు వదిలితే మొదటి వరుసకు పదిహేడు బ్లాకులు పట్టాయి. ముందు మాలు లేకుండా అన్నీ పొడిగా పేర్చి చూసుకున్నాం. ఇంతలో మా నాన్న ఇటుకలను తడిపినట్టు వీటినీ తడపాలని బకెట్టు పట్టుకొచ్చారు. మేస్త్రిగారు ఆపారు. కాల్చిన ఇటుక మాలులోని నీళ్లు తాగేస్తుంది, అందుకే దాన్ని నానబెడతారు. సిమెంటు బ్లాకు తడిస్తే ఉబ్బుతుంది, గోడ కట్టాక ఆరి కుంచించుకుంటే పగుళ్లు వస్తాయి. ఇదే మాట నేను ఒహాయోలో పిల్లలకు చెప్పాను. అక్కడ అమ్మ చెప్పినదే ఇక్కడ మేస్త్రిగారూ చెప్పారని మా అబ్బాయి రోజంతా చెప్పుకుని తిరిగాడు.

ఆదివారాల తెలుగు బడికి వాళ్లు అయిదేళ్లుగా వెళుతున్నారు. గుణింతాలు వచ్చు, పద్యాలు వచ్చు. కానీ ఎవరినైనా 'నువ్వు' అనే పిలుస్తారు. పెద్దవాళ్లను 'మీరు' అనాలని ఎన్నిసార్లు చెప్పినా అది వాళ్లకు వ్యాకరణ సూత్రమే. మొదటి రోజు మా అబ్బాయి మేస్త్రిగారిని "నువ్వు ఇటు రా" అన్నాడు. ఆయన మాత్రం వాణ్ణి "బాబుగారూ, మీరు పక్కకు జరగండి" అన్నారు. తన తమ్ముణ్ణి ఆయన ఎందుకు 'మీరు' అంటున్నారని అమ్మాయి అడిగింది. మనం కూలి ఇచ్చేవాళ్లం కాబట్టి, అని చెప్పాను. అది తప్పు కదా అంది. తప్పే, అన్నాను. పేరు పెట్టి పిలవమని ఆయన్ను అడిగాను. తల ఊపారు గానీ పిలవలేదు.

మూల బ్లాకులు పెట్టి, వాటి మధ్య దారం బిగించాక, పిల్లలు మోకాళ్ల మీద కూర్చున్నారు. మొదటి వరుసకు బ్లాకు కింద మాలు నిండుగా పరవాలి, సందులు ఉండకూడదు. చిటికెన వేలి మందాన పరిచి, తాపీ మొనతో మధ్యలో గాడి తీసి, బ్లాకును దించి, తాపీ పిడితో తట్టి, వాలు చూసే రసమట్టం పెట్టాలి. "ఇంకొంచెం." "చాలు." "కుడి పక్క దించు." "రసమట్టం పెట్టు." ఆ పూటంతా అవే మాటలు. అయిదేళ్ల తెలుగు బడిలో వాళ్లు ఇంత చెవి ఒగ్గి వినడం నేను చూడలేదు. మాట సరిగా వినకపోతే బ్లాకు వంకర పోతుంది మరి. మూడో బ్లాకు దగ్గర మా అబ్బాయి దారం వైపు కళ్లు చికిలించి, "ఎత్తుగా ఉందండి" అన్నాడు. నేను చెప్పకుండా వాడి నోటి నుంచి వచ్చిన మొదటి 'అండి' అది. పనిలో ఉన్నాడు కాబట్టి వాడికి తెలియను కూడా తెలియలేదు.

సిమెంటు చర్మాన్ని తినేస్తుందని పిల్లలకు చేతి తొడుగులు తెచ్చాను. అమ్మాయి ఒక జత మేస్త్రిగారికి ఇచ్చింది. వేసుకుని చూసి, మాలు చేతికి తెలియడం లేదని తిరిగి ఇచ్చేశారు. పగుళ్లు బారిన ఆ వేళ్లకు సాయంత్రం కొబ్బరి నూనె రాసుకుంటుంటే తను పక్కనే కూర్చుని చూసింది. ఆ జత మాలు మోసే ఆమెకు ఇచ్చాం.

అబ్బాయి పెట్టిన మూల బ్లాకు కాసేపటికి లోపలి వైపు కుంగింది. మేస్త్రిగారు రసమట్టం అడ్డంగా పెట్టి చూశారు. "ఒరేయ్, తీసెయ్! ఇక్కడ నూలు వాలితే పైన అంగుళంన్నర వాలుతుంది" అన్నారు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఎనిమిది అంగుళాల వెడల్పు మీద ఆ వాలు, ఎనిమిదడుగుల ఎత్తుకు పన్నెండింతలు. లెక్క సరే, నాకు వినిపించింది ఆ 'ఒరేయ్'. వాడు బ్లాకు లేపాడు, పాత మాలు గీకేశాడు, కొత్తది పరిచి మళ్లీ పెట్టాడు. ఆ తర్వాత ఆయన వాణ్ణి 'బాబుగారూ' అనలేదు.

సాయంత్రం వాన పడింది. గోనె సంచులు కప్పాం. గోడ లేచేలోపే మా సెలవులు అయిపోయాయి.

గోడలకు పూత పూర్తయిందని మొన్న నాన్న ఫోనులో చెప్పారు. మా అబ్బాయి ఫోను లాక్కుని మేస్త్రిగారికి ఇవ్వమన్నాడు.

"మేస్త్రిగారూ, మూల బ్లాకు కదలలేదు కదండీ?"

"కదలదురా."