పన్నెండు గుంజలు

మా నాయన కట్టిన ఆవుల కొట్టం 2021 నవంబరు వానలకు కూలిపోయింది. ఆ నెల 18న తిరుపతి వీధులు ఏరులై పారడం చాలామంది టీవీల్లో చూసే ఉంటారు. ఆ వారమంతా నేను తిరుపతిలో మేడ మీది గదిలో చిక్కుకుని ఉన్నాను. దారులు తెరుచుకున్నాక పాకాల దగ్గరున్న మా ఊరికి వెళ్ళి చూస్తే, కొట్టం పడుకోబోతున్న ఆవులా ముందు మోకాళ్ళు మడిచి ఒక పక్కకు ఒరిగి ఉంది. అసలు ఆవులు రెండూ ముందురోజే పలుపులు తెంచుకుని మామిడి తోపులోకి వెళ్ళిపోయాయట. ఆ కొట్టం సంగతి నాకంటే వాటికే బాగా తెలుసు.

శిథిలాలు తీయించేటప్పుడు ఒకటి గమనించాను. మొత్తం ఎనిమిది గుంజలు. వాటిలో ఆరు ఒకే ఎత్తులో విరిగాయి, నేలకు జానెడు అటూ ఇటూగా. భూమిలో మిగిలిపోయిన మొదళ్ళను గడ్డపారతో పెకలిస్తే, అడుగుభాగం నాయన పాతిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. గట్టి తుమ్మకర్ర, గొడ్డలి పెడితే ఖణేలుమంది. పైన చూరు దగ్గర కూడా అంతే గట్టి. నడుమ ఆ జానెడు మేర మాత్రం సన్నబడి, వేళ్ళతో నలిపితే పొడిపొడి అయింది.

తర్వాత చదివి తెలుసుకున్నాను. కర్రను కుళ్ళబెట్టే శిలీంధ్రానికి తడీ కావాలి, గాలీ కావాలి. లోతుకు పోతే గాలి అందదు. పైకి వస్తే తడి ఆరిపోతుంది. రెండూ సమృద్ధిగా దొరికే చోటు నేల అంచు ఒక్కటే. చెద కూడా అక్కడి నుంచే మట్టిగూడు కట్టుకుంటూ పైకి ఎక్కుతుంది. ముప్పై ఏళ్ళుగా మేము ఏటేటా పైకప్పు మార్చాం, తడికెలు మార్చాం. గుంజ మొదట్లో మట్టి తవ్వి చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ అక్టోబరులోనే నేను తపాలా ఉద్యోగం నుంచి విరమించాను. ముప్పై నాలుగేళ్ళు కౌంటరు వెనక కూర్చున్నదానిని, చేతులు ఊరుకోవు. కొత్త కొట్టం నేనే దగ్గరుండి కట్టిస్తానన్నాను. మా ఆయనకు మేకుకూ మరకూ తేడా తెలియదు కాబట్టి ఆయన అభ్యంతరం చెప్పలేదు.

ఇనుప పైపులతో వేయిద్దామని మొదట అనుకున్నాను. 2022 మొదటి నెలల్లో ఇనుము ధర ఎలా ఎగబాకిందో అప్పుడు ఇల్లు కట్టుకున్నవాళ్ళను అడగండి. వెల్డింగ్ షాపు అతను చెప్పిన మొత్తం విని మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేశాను. మా మేస్త్రి రాతి కూసాలు, అంటే రాతి గుంజలు, వేయమన్నాడు. చిత్తూరు వైపు రాయికి కొదవ లేదు, అది చెడదు, చెద పట్టదు. కానీ దూలాన్ని కూసానికి గట్టిగా బిగించడం కష్టం. పైగా రాయి నిలువు బరువును ఎంతైనా మోస్తుంది గాని, పక్క నుంచి గట్టిగా తోస్తే పుటుక్కుమని విరుగుతుంది. మా పక్క పొలం కంచెలో ట్రాక్టరు తగిలి విరిగిన కూసాలు మూడున్నాయి. కర్ర వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. కర్రే, అదీ నీలగిరి కర్రే అని తేల్చుకున్నాను.

"కొండ మీద ఎర్రచందనం ఉండగా నీలగిరి ఎందుకక్కా" అని కూలీలలో ఒక కుర్రాడు నవ్వాడు. శేషాచలం పక్కన పుట్టినవాళ్ళకు ఈ హాస్యం పాతదే. మన సొంత పొలంలో పెంచిన ఎర్రచందనం కొట్టాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఆవుల కోసం జైలుకు వెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

మా మేనల్లుడు సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు అమెరికా పల్లెల్లో కట్టే కర్ర కొట్టాల వీడియోలు పంపాడు. వాటికి పునాది గోడ ఉండదు. గుంజలనే లోతుగా భూమిలో దించి, వాటి మీదే మొత్తం నిలబెడతారు. 1930ల నుంచి అక్కడి రైతుల్లో బాగా వ్యాపించిన పద్ధతట. చూసి నవ్వొచ్చింది. మన పందిరిదీ అదే పద్ధతి కదా! అయితే వాళ్ళు నాలుగడుగులు, అంతకంటే ఎక్కువ తవ్వుతున్నారు. నాయన రెండడుగులతో సరిపెట్టాడు. అక్కడ చలికి నేల గడ్డకట్టి ఉబ్బుతుంది, గుంజను పైకి నెట్టేస్తుంది, ఆ గడ్డకట్టే లోతును దాటి పాతాలి. మా నేల మే నెలలో కాలుతుంది తప్ప గడ్డకట్టే ప్రశ్నే లేదు. మరి మనకెందుకురా అంత లోతు అంటే, వాడు ఫోనులోనే లెక్క వేశాడు.

నాయన కప్పినది చెరకు ఆకు. బరువైనది, సందుల్లోంచి గాలిని పోనిస్తుంది. నేను వేయబోయేది రేకు. చదరపు మీటరుకు ఐదు కిలోలు కూడా ఉండదు, గాలికి దారి ఇవ్వదు. గంటకు 90 కిలోమీటర్ల గాలి వీస్తే చదరపు మీటరు మీద సుమారు 38 కిలోల ఒత్తిడి పడుతుంది. నా కప్పు దాదాపు 71 చదరపు మీటర్లు. రేకులన్నీ కలిపి 350 కిలోలు, గాలి పట్టేది రెండున్నర టన్నులకు పైన. కప్పు వాలును బట్టి ఇది తగ్గవచ్చు, పెరగవచ్చు అన్నాడు. నాలుగు వైపులా తెరిచి ఉన్న కొట్టంలో గాలి లోపల దూరి కింది నుంచి కూడా ఎత్తుతుంది. అంటే నేను గుంజను పాతవలసింది కప్పు కుంగకుండా నిలవడానికే అనుకుంటే పొరపాటు. కప్పు ఎగరకుండా పట్టుకునే పని అంతకంటే పెద్దది. మా జేజిది గుడియాత్తం వైపు. ఆడి నెల (మన ఆషాఢం) గాలికి అమ్మిరాయి, అంటే నూరుడురాయి, కూడా ఎగురుతుందని ఒక అరవ సామెత చెప్పేది. ఆమె లెక్కా మేనల్లుడి లెక్కా ఒకటే.

మేస్త్రి నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అయినా నన్ను అక్కా అనే పిలుస్తాడు. మొదటి వారమంతా "బావ ఎప్పుడు వస్తాడక్కా, లెక్క మాట్లాడుకుందాం" అని అడిగాడు. ఎనిమిదో రోజున రేకుల దుకాణం రసీదులో కూడిక తప్పును నేను పట్టుకున్నాక ఆ ప్రశ్న ఆగిపోయింది.

కర్ర కొనడంలో మాత్రం మోసపోయాను. ఆరు నెలల కిందట కొట్టినవని డిపో యజమాని ప్రమాణం చేశాడు. తెచ్చి బెరడు ఒలిస్తే కింద పచ్చి, చేతికి బంక అంటింది. బెరడు ఉంటే లోపలి తడి పోదు, దాని చాటున పురుగు గుడ్లు పెడుతుంది. అందుకని పన్నెండు నీలగిరి దుంగలనూ ఒలిపించి, రాళ్ళ మీద ఎత్తుపెట్టి, చింతచెట్టు నీడలో రెండు నెలలు ఆరబెట్టాను. ఎండలో పెడితే చీలిపోతాయి. నీడలో పెట్టినా రెండు చీలాయి. బహుళ పక్షంలో కొట్టిన కర్రకు పురుగు పట్టదని మేస్త్రి నమ్మకం. ఏ పక్షంలో కొట్టారో నాకు ఎలా తెలుస్తుంది? డిపోవాడికి ఫోను చేసి అడగమన్నాడు. ఏ సంవత్సరంలో కొట్టాడో చెప్పలేనివాడు తిథి చెబుతాడా అంటే ఊరుకున్నాడు.

కొలత ముప్పై అడుగులు, పద్దెనిమిది అడుగులు. పొడవు తూర్పు పడమరలుగా పెట్టాం. ఎండ లోపలికి తక్కువ దూరుతుంది, ఆషాఢంలో పడమటి గాలికి సన్నటి వైపు ఎదురవుతుంది. మూడు వరసలు, వరసకు నాలుగు గుంజలు. నడిమి వరసలో వెన్ను దూలాన్ని మోసే నిట్రాళ్ళు పదిహేనడుగులవి, పక్కవి పన్నెండడుగులవి. నిట్రాళ్ళకు ఉత్తరంగా ఆవులు, దక్షిణంగా వరిగడ్డి, మామిడికాయల పెట్టెలు, నా పనిముట్లు.

దారం లాగి మూలలు గుర్తు పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఈ కొలతకు మూల నుంచి మూలకు 35 అడుగులు రావాలి. వెంట్రుకవాసి తక్కువ, అంతే. ఒక వైపు సరిగ్గా 35 వచ్చింది. రెండో వైపు ముప్పావు అడుగు తక్కువ. "కంటికి కనబడదులే అక్కా" అన్నాడు మేస్త్రి. కంటికి కనబడదు నిజమే, రేకులు పరిచినప్పుడు చూరు దగ్గర మెట్లు మెట్లుగా కనబడుతుంది. దారాలన్నీ విప్పించాను. ఆ పూట ఎవరూ నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం రాగిసంకటి, చింతకాయ పచ్చడి పెట్టాక కాస్త మెత్తబడ్డారు.

నాలుగడుగుల గుంతలు. మాది ఎర్ర గరప నేల. పది గుంతలు గడ్డపారతోనే దిగాయి. రెండింటిలో మూడడుగులకే బండ తగిలింది. రాళ్ళు కొట్టేవాళ్ళను పిలిచి బండలో రంధ్రాలు వేయించి, ఇనుప కడ్డీలు దించి సిమెంటుతో నిలబెట్టి, వాటికి గుంజను పట్టీలతో బిగించాం. ఇప్పుడు అవే రెండూ అన్నింటికంటే గట్టివని నా అనుమానం.

మిగతా పదింటికీ అడుగున మూరెడు పొడవు అడ్డకర్రలు రెండేసి బోల్టులతో బిగించమన్నాను. పైన మట్టి పడి కూరుకున్నాక, గుంజ పైకి రావాలంటే ఆ మట్టినంతా మోసుకుని రావాలి. మేస్త్రి చేతులు నడుముకు పెట్టుకుని చూశాడు. "చెట్టుకు వేర్లు కట్టినట్టుంది" అన్నాడు. వెక్కిరింపే, కానీ అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

మొదళ్ళ దగ్గర మాత్రం నేను అతని మాటే విన్నాను. మంటలో తిప్పుతూ పైపొర బొగ్గయ్యేదాకా కాల్చాడు, వేడి మీదే రోడ్డు తారు పూశాడు, నేలకు జానెడు పైదాకా. బండ్ల షెడ్డులో వాడేసిన ఆయిలు పూద్దామంటే మాత్రం వద్దన్నాను. ఆవులు ప్రతిదాన్నీ నాకుతాయి. గుంతను సిమెంటుతో నింపలేదు. కర్ర ఎండి ముడుచుకుంటే సిమెంటుకూ దానికీ మధ్య సందు వస్తుంది, ఆ సందులో నీళ్ళు గిన్నెలో ఉన్నట్టు నిలుస్తాయి. కంకర, గరప పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కూరాం. నేల పైన మాత్రం నీళ్ళు జారిపోయేలా చిన్న సిమెంటు గట్టు. దాని సందులో ఏటా వానలకు ముందు కాచిన తారు పోస్తాను.

మార్చి నెలాఖరుకు గుంజలు నిలిచాయి. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి మా మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. అలా చిత్తూరు జిల్లాలో పాతిన గుంజల మీద తిరుపతి జిల్లాలో కప్పు వేసినదాన్ని బహుశా నేనే.

పై పని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వాసాలకు సర్వి కర్రలు, అంటే సరుగుడు. మేకు కొడితే మేకే వంగేంత గట్టివి. ముందు డ్రిల్లుతో రంధ్రం వేసుకుని తర్వాత బోల్టు. గుంజకూ దూలానికీ మధ్య ఏటవాలుగా దన్ను కర్రలు వేయించాను. అవి లేకపోతే నాలుగు మూలలూ బిగించినా కొట్టం పక్కకు ఊగుతుంది. పన్నెండడుగుల రేకులు, వాలుకు పది. రేకు వేడికి ఆవులు రొప్పుతుంటే పైన మళ్ళీ చెరకు ఆకే పరిచి వల కట్టించాను. నాయన చూస్తే ఏమనేవాడో.

ఆ డిసెంబరు 9 రాత్రి మాండస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. మాకు గాలీ వానా రెండూ వచ్చాయి. కరెంటు పోయింది. పన్నెండున్నరకు టార్చి పట్టుకుని కొట్టంలోకి వెళ్ళి ఒక నిట్రాటకు అరచేయి ఆనించాను. లోపల సన్నగా వణుకుతోంది, బస్సు అద్దానికి తల ఆనించినప్పటిలా. ఆవులు నెమరు వేస్తున్నాయి. అవి పలుపులు తెంచుకునే ఆలోచనలో లేవని చూసుకుని నేనూ వెళ్ళి పడుకున్నాను. తెల్లారాక చూస్తే చెరకు ఆకు సగం పక్క పొలంలో ఉంది. పడమటి మూల ఒక రేకు చెవి మడిచినట్టు వంగింది. అంతే నష్టం.

ఏడు గంటలకు మేస్త్రి ఫోను. "ఎగిరిందా అక్కా?"

"ఎగరలేదు."

"నేననుకున్నా. కింద వేర్లు కట్టాం కదా" అన్నాడు. ఆ 'కట్టాం' నేను గమనించనట్టే ఊరుకున్నాను.

ప్రతి మే నెలలో పన్నెండు గుంజల మొదళ్ళ దగ్గర సిమెంటు గట్టును ఆనుకుని మట్టి కాస్త తవ్వి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాను. పదకొండింటిలో మొన న‌ఖమంత కూడా దిగలేదు. ఉత్తరం వరసలో మూడోదానికి ఈసారి అరంగుళం దిగింది. పెద్దావు మూత్రం పోసేది సరిగ్గా దాని పక్కనే. కాలువ వాలు మార్పించాను, గుంజకు సుద్దముక్కతో తేదీ రాశాను. చింతచెట్టు కింద ఇంకో పన్నెండడుగుల దుంగ బెరడు ఒలిచి, రాళ్ళ మీద ఎత్తుపెట్టి ఉంచాను. ఈసారి డిపోలో కొనలేదు. తోపు గట్టు మీద మా నీలగిరే, నా కళ్ళముందే కొట్టించాను. బహుళ ద్వాదశి.