నెరవేరని ప్రవచనం కాపాడిన ప్రాణం

తీర్పు గురించి ప్రసంగం అనగానే మా పర్లాఖెముండి సంఘాల్లో యోనానో దానియేలునో తీస్తారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది బైబిల్లో యిర్మీయా గ్రంథం 26వ అధ్యాయం. మా బుధవారం కూడికలో పట్టుబట్టి దాన్నే చదివించాను.

యూదా రాజు యెహోయాకీము ఏలుబడి మొదట్లో యిర్మీయా ప్రవక్త యెరూషలేము మందిరపు ఆవరణలో నిలబడి, మీరు మారకపోతే ఈ మందిరానికీ, ఎప్పుడో పాడైపోయిన పాత ఆరాధన స్థలం షిలోహుకు పట్టిన గతే పడుతుందని చెప్పాడు. యాజకులూ ప్రవక్తలూ జనమూ అతణ్ణి పట్టుకున్నారు, చావవలసిందేనన్నారు. అప్పుడు దేశపు పెద్దల్లో కొందరు లేచి ఒక పాత సంగతి తీశారు. హిజ్కియా రాజు రోజుల్లో, అంటే దాదాపు నూరేళ్ల కిందట, మోరెషెతు అనే పల్లె నుంచి వచ్చిన మీకా అనే ప్రవక్త ఇదే యెరూషలేము గురించి ఇంతకన్నా ఘోరంగా చెప్పాడు. సీయోనును చేను దున్నినట్టు దున్నేస్తారన్నాడు, పట్టణం రాళ్లకుప్ప అవుతుందన్నాడు. హిజ్కియా అతణ్ణి చంపించాడా? లేదు, భయపడి దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు ఆ కీడు చేయకుండా మానుకున్నాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. మీకా చెప్పింది అప్పుడు జరగలేదు. చెప్పింది జరగకపోతే అది యెహోవా మాట కాదని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. ఆ కొలత పట్టుకుంటే మీకాను అబద్ధ ప్రవక్తల్లో చేర్చాలి. ఆ పెద్దలు చేర్చలేదు. రాజు వింటాడనే దేవుడు ఆ మాట పంపాడనీ, విన్నాడు కాబట్టే ఊరు నిలిచిందనీ వాళ్లకు తెలుసు. నెరవేరని ఆ ప్రవచనాన్నే సాక్ష్యంగా పెట్టి యిర్మీయా ప్రాణం అడిగారు.

తుపాను హెచ్చరిక ఎలాంటిదో మా వైపు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు తుపానుకు ఒడిశాలో సుమారు పది వేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేనాటికి లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. అంతమంది బతికారు కాబట్టి హెచ్చరిక అబద్ధమైందని ఎవరైనా అన్నారా? అయితే వాతావరణ శాఖ తుపానును వెనక్కి పిలవలేదు. మీకా ఎవరి పేరిట మాట్లాడాడో ఆయన పిలవగలడు.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు మట్టి కింద పోయారు. తర్వాత కొన్నాళ్లకు బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, ఆ కొండ ఊళ్ల పాపమే వాళ్ల మీదికి వచ్చిందని మైకులో చెప్పాడు. ఇల్లు కూలిపోయిన ఒక సవర తల్లి వెనక వరుసలో, ఒళ్లో పిల్లవాణ్ణి పెట్టుకుని కూర్చుని ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా అనుకోవడం లేదు.

ఎందుకంటే మీకా మూడో అధ్యాయం ఎవరి ముఖం మీద చెప్పిందో చూడండి. లంచం పుచ్చుకుని తీర్పు తీర్చే అధిపతులు, కూలికి బోధించే యాజకులు, డబ్బుకు సోదె చెప్పే ప్రవక్తలు. జనం చర్మం ఒలిచి మాంసం తినేవాళ్లని వాళ్లను పట్టుకుని అన్నాడు. సీయోనును దున్నేది మీ మూలంగానే అన్నాడు. చర్మం ఒలిపించుకున్నవాళ్లను వేలెత్తి చూపలేదు. ఒలిచేవాడి చెయ్యి పట్టుకుని ఆపడం ఒలిపించుకునేవాడి మీద కనికరమే కదా. మిడతల దండు దేశపు పచ్చికంతా తినేయడం దర్శనంలో చూసినప్పుడు ఆమోసు ప్రవక్త ఏం చేశాడు? క్షమించు ప్రభువా, యాకోబు చిన్నవాడు, ఎలా నిలుస్తాడు అని అడ్డం పడ్డాడు. అగ్ని చూసినప్పుడూ అంతే. రెండుసార్లూ దేవుడు ఆగాడు. కీడు రాకముందు హెచ్చరించి, రాకూడదని బతిమాలినవాళ్లు ప్రవక్తలు. వచ్చి పోయాక శవాలకు పాపాలు అంటగట్టే పని వాళ్లెవరూ తనకు అప్పగించలేదని ఆ ప్రసంగీకుడికి ఎవరైనా చెప్పి ఉండవలసింది.

26వ అధ్యాయం అక్కడితో ఆగి ఉంటే మనసుకు హాయిగా ఉండేది. ఆగలేదు. షెమయా కొడుకు ఊరియా కూడా యిర్మీయా చెప్పిన మాటలే చెప్పాడు. ప్రాణభయంతో ఐగుప్తుకు పారిపోతే, యెహోయాకీము మనుషులను పంపి పట్టి తెప్పించి కత్తితో చంపించాడు. శవాన్ని సామాన్యుల సమాధుల్లో పడేశారు. కూడికలో ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు: "అమ్మా, ఇద్దరూ ఒకటే చెప్పారు కదా. ఒకరిని కాపాడి ఇంకొకరిని ఎందుకు వదిలేశాడు దేవుడు?"

ఆ అధ్యాయం కారణం చెప్పదు. షాఫాను కొడుకు అహీకాము తోడు నిలిచినందువల్ల యిర్మీయా జనం చేతికి చిక్కలేదని మాత్రం చెబుతుంది. కుర్రాడితో నేనూ అంతే అన్నాను, లేని జవాబు అల్లలేదు. కానీ వచ్చే బుధవారానికి ఆ అహీకాము ఇంటివాళ్ల సంగతే చదువుకుని రమ్మన్నాను. మందిరంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథాన్ని యోషీయా రాజుకు చదివి వినిపించినవాడు షాఫాను. క్రీ.పూ. 586లో యెరూషలేము నిజంగానే కూలిపోయాక, బబులోనువాళ్లు సంకెళ్లు విప్పితే యిర్మీయా వెళ్లి చేరింది మిస్పాలో, అహీకాము కొడుకు గెదల్యా దగ్గరికే.