చర్మ క్యాన్సర్ ఆపరేషన్‌కి చెన్నై వస్తున్నారా? పిల్లలకి ముందే చెప్పి రండి

డాలస్‌లోనో సిడ్నీలోనో పెరిగే పిల్లలకి క్యాన్సర్ అనే మాట కొత్త కాదు. బడిలో దానికోసం చందాలు పోగుచేస్తారు, పరుగుపందేలు పెడతారు. అదే మాట చెన్నైలో అమ్మమ్మ ఇంట్లో ఎవరూ పైకి అనరు. "ఆ జబ్బు" అంటారు, గొంతు తగ్గిస్తారు, పిల్లలు గదిలోకి రాగానే మాట మార్చేస్తారు. ఆసుపత్రి కంటే ఈ గుసగుసలే పిల్లల్ని ఎక్కువ భయపెడతాయి. ఇంత పెద్ద విషయాన్ని దాస్తున్నారంటే అది ఎంత ఘోరమో అని వాళ్ళకి వాళ్ళే ఊహించుకుంటారు.

అందుకే టికెట్లు కొనకముందే చెన్నైకి ఒక ఫోన్ చెయ్యాలి. పిల్లలకి మీరు ఏం చెప్పారో అక్కడా అదే చెప్పమని అడగాలి. "చిన్నపిల్లలకి ఇవన్నీ ఎందుకే?" అని అమ్మమ్మ అంటుంది. వాదించి లాభం లేదు. "వాళ్ళకి తెలుసమ్మా. నువ్వు ఏమీ లేదంటే రేపు నువ్వు ఏది చెప్పినా నమ్మరు" అనండి చాలు. ఆవిడకి పట్టేస్తుంది.

పిల్లలకి చెప్పేది వయసుని బట్టి ఉండాలి. ఆరేళ్ళలోపు వాళ్ళకి రెండు మూడు మాటలు చాలు: "నాన్న అరికాలి మీద మచ్చలో క్యాన్సర్ అనే జబ్బు ఉంది. డాక్టరుగారు మత్తిచ్చి దాన్ని కోసి తీసేస్తారు. తర్వాత కొన్నాళ్ళు కట్టు ఉంటుంది." అడిగినా అడక్కపోయినా వాళ్ళ మనసులో మూడు ప్రశ్నలుంటాయి. ముట్టుకుంటే నాకూ వస్తుందా? ఆ రోజు నేను నాన్న కాలు తొక్కాను, అందుకే వచ్చిందా? నాన్న ఆసుపత్రిలో ఉంటే నాకు అన్నం ఎవరు పెడతారు? ఈ మూడింటికీ అడగకముందే జవాబు చెప్పాలి. చివరిదానికి పేరు పెట్టి చెప్పాలి: "పొద్దున పెద్దమ్మ, రాత్రి అమ్మమ్మ పక్కన పడుకుంటావు."

పదేళ్ళు దాటినవాళ్ళకి జబ్బు రకం పేరు కూడా చెప్పండి. ఉత్త చర్మ క్యాన్సర్ అని ఊరుకుంటే రాత్రికి నెట్‌లో వెతికి అన్నిటికన్నా భయంకరమైనది చదువుతారు. బేసల్ సెల్ రకం నెమ్మదిగా పెరుగుతుంది, వేరే అవయవాలకి పాకడం చాలా అరుదు. స్క్వామస్ సెల్ కొంతమందిలో పాకుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే మెలనోమాని మాత్రం తొందరగా తీసెయ్యాలి. "తప్పకుండా తగ్గిపోతుంది" అని మాట ఇవ్వకండి. "రిపోర్టు ఫలానా వారం వస్తుంది, వచ్చిన రోజే నీకూ చెప్తాను" అనండి, ఆ మాట నిలబెట్టుకోండి.

ప్రయాణం ఎప్పుడన్నది కూడా ఆ రకాన్ని బట్టే. ముక్కు మీద చిన్న బేసల్ సెల్ అయితే, డాక్టరు సరేనంటే, బడి సెలవుల దాకా ఆగొచ్చు. మెలనోమాకి సెలవులు చూసుకోకూడదు, బడికి ఉత్తరం రాసి బయలుదేరాలి. అసలు త్వరగా ఆపరేషన్ దొరికేది మీరున్న చోటే అయితే అక్కడే చేయించుకుని, అమ్మమ్మనే అక్కడికి పిలిపించుకోవడం మంచిది. మన చర్మం రంగుకి ఇవి రావన్న ధీమాతో చాలామంది ఆలస్యం చేస్తారు. నల్ల చర్మంలో మెలనోమా ఎక్కువగా ఎండ తగలని చోట్లే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోరు కింద. ఆనెకాయ అనో, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందనో వదిలేస్తారు. 1981లో 36 ఏళ్ళకే పోయిన బాబ్ మార్లేకి కూడా అది కాలి బొటనవేలి గోరు కిందే మొదలైంది.

మెలనోమా ఎంత లోతుకి దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. 1 మిల్లీమీటరు లోపైతే చుట్టూ 1 సెంటీమీటరు మంచి చర్మాన్ని కూడా కలిపి తీస్తారు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు. అరికాలి మీద అంత చర్మం తీశాక అంచులు లాగి కుట్టడం కుదరదు కాబట్టి సాధారణంగా తొడ దగ్గర్నుంచో మరో చోటునుంచో చర్మం తెచ్చి అతికిస్తారు. అంటే గాయాలు రెండు. పిల్లలకి ఒక్క కాలి సంగతే చెప్పి ఉంటే తొడ మీద కట్టు చూసి బెదిరిపోతారు. లోతు ఎక్కువైతే జబ్బు ముందుగా చేరే లింఫు గ్రంథిని కూడా తీసి పరీక్షిస్తారు. దాన్ని గుర్తుపట్టడానికి నీలం రంగు మందు ఎక్కిస్తే ఒకటి రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగానో నీలంగానో వస్తుంది. ముందే చెబితే పిల్లలకి అదో వింత. చెప్పకపోతే బాత్రూములో కనిపించినప్పుడు హడలిపోతారు.

ముఖం మీదైతే మోస్ పద్ధతి గురించి అడగండి. 1930లలో అమెరికాలో ఫ్రెడరిక్ మోస్ మొదలుపెట్టిన పద్ధతి అది. పొరపొరగా తీస్తూ, ప్రతి పొర అంచునీ అప్పటికప్పుడు మైక్రోస్కోపులో చూస్తూ, జబ్బు లేని చోటు వచ్చేదాకా వెళ్తారు. ఇది అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. లేనిచోట మామూలుగా కోసి, అంచుల రిపోర్టు కోసం ఆగుతారు. తిరుగు టికెట్టు తేదీ దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు పది రోజుల్లో వెళ్ళిపోవచ్చనుకోవడం. ముఖం మీద కుట్లు 5 నుంచి 7 రోజులకి విప్పుతారు, వీపు, కాళ్ళ మీదైతే 10 నుంచి 14 రోజులు, అరికాలికి మూడు వారాలు కూడా పట్టొచ్చు. అతికించిన చర్మం మీద అదిమిపెట్టిన కట్టుని సుమారు 5 నుంచి 7 రోజుల దాకా కదపరు. కదిలినా, కింద రక్తం చేరినా ఆ చర్మం పట్టుకోదు. పూర్తి రిపోర్టు రావడానికి ఒక వారం వేసుకోండి. అంచుల్లో ఇంకా జబ్బుందని వస్తే రెండోసారి కొయ్యాలి. నాలుగు వారాలు చేతిలో పెట్టుకుని, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే తీసుకోండి. వచ్చేటప్పుడు కూడా నాలుగైదు రోజులు ముందు దిగితే పిల్లల నిద్ర దారిలో పడుతుంది.

సామానులో అన్నిటికన్నా విలువైంది బయాప్సీ బ్లాకు, అంటే పరీక్షకి తీసిన ముక్కని మైనంలో భద్రపరిచిన దిమ్మ. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే చెన్నైలో ముక్కని పరీక్షించే డాక్టరు (పాథాలజిస్టు) దాన్ని ఆధారం చేసుకోడు, మళ్ళీ తనే చూస్తానంటాడు. మైనపు బ్లాకూ, గాజు స్లయిడ్లూ మీ ల్యాబు నుంచి రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. వేడికి మైనం మెత్తబడుతుంది, చెన్నై ఎండలో ఆపిన కారులో వదిలెయ్యకండి. పెట్టెలో వెయ్యకుండా చేతిసంచిలోనే ఉంచండి. స్కాన్లయితే సీడీ కూడా కావాలి. వెళ్ళేటప్పుడు ఇక్కడి బ్లాకుని, అంచులు ఎన్ని మిల్లీమీటర్లో రాసిన డిశ్చార్జ్ సమ్మరీని అడిగి తీసుకెళ్ళండి. అక్కడి డాక్టరు మొదట అడిగేది అదే.

ఖర్చు మాట్లాడేటప్పుడు ప్యాకేజీలో ఏం లేవో అడగండి. అప్పటికప్పుడు చేసే అంచుల పరీక్ష, చర్మం అతికించడం, గ్రంథి పరీక్ష బయట ఉండొచ్చు. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి బ్యాంకు ఏర్పాటు ముందే చూసుకోండి.

పిల్లల కాగితాల్లో తేడా వచ్చేది ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకి ఇచ్చే కార్డు) దగ్గరే. కార్డు ఉంటే వీసా అక్కర్లేదు, కానీ 20 ఏళ్ళలోపు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ వివరాలు అప్‌లోడ్ చెయ్యాలి. కార్డు లేకపోతే, రోగి ఈ-మెడికల్ వీసా మీద వస్తే వెంట వచ్చేవాళ్ళకి రెండే అటెండెంట్ వీసాలు ఇస్తారు. ముగ్గురు పిల్లలుంటే అక్కడే లెక్క తప్పుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకొస్తుంటే రెండోవారి సమ్మతిపత్రం నోటరీ చేయించి దగ్గర పెట్టుకోండి. టైఫాయిడ్ ఇంజెక్షన్ బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు వేయించాలి.

ఇక ఇంటికొచ్చాక. చెన్నైలో బంధువులు ఉండటం ఎంత పెద్ద అండో మాటల్లో చెప్పలేం. టి.నగర్ నుంచి పెద్దమ్మ, పెరంబూరు నుంచి బాబాయి కేరియర్లు పట్టుకుని వస్తారు. ఆ కేరియర్లతో పాటే సలహాలూ వస్తాయి. పప్పు తింటే చీము పడుతుందంటారు. పడదు. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పెరుగు కావాలి. కుట్ల మీద పసుపు, విభూతి వద్దు. డాక్టరు చెప్పిన మందో, ఉత్త వాజలీనో చాలు. నుదుటి మీద గాయమైతే బొట్టు బిళ్ళ కొన్నాళ్ళు పక్కకి జరగాలి. తిరుపతి మొక్కు ఉంటే తీర్చుకోండి, కానీ తలమీద కుట్లున్నవాళ్ళు గుండు చేయించుకునే రోజు సర్జన్‌ని అడిగే పెట్టుకోవాలి. కాదనకుండా తేదీ మారిస్తే పెద్దవాళ్ళూ నొచ్చుకోరు, పిల్లలకీ ఆచారానికీ వైద్యానికీ తగువు కనిపించదు.

పరామర్శకి వచ్చేవాళ్ళు పిల్లల ముందే "అయ్యో, ఈ వయసులోనా!" అంటారు. వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే పలకరించి, ఏం మాట్లాడకూడదో చెప్పే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి. ఎవరైనా మరీ మొహమాటపడితే ఈ ఊరి సంగతే గుర్తుచెయ్యండి. తోబుట్టువు క్యాన్సర్‌తో పోతే దాచుకోకుండా, దానికోసమే ఆసుపత్రి కావాలని పట్టుబట్టి, 1954లో అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టిన ముత్తులక్ష్మీ రెడ్డి ఇక్కడి మనిషే. పదేళ్ళ పిల్లకి ఆ కథ చెప్పండి, శ్రద్ధగా వింటుంది.

పసివాడు రాత్రి పక్కలో కాళ్ళు విసురుతాడు, అతికించిన చర్మం కాస్తా కదులుతుంది. విడి మంచం వెయ్యండి. వీపు మీద కుట్లుంటే మూడేళ్ళ పిల్లనైనా ఎత్తుకోకూడదు. కూర్చుంటే తనే ఒళ్ళోకి ఎక్కి వస్తుంది. పెద్ద పిల్లకి ఒక పని ఇవ్వండి, మందు వేళకి గుర్తుచెయ్యడం లాంటిది. వార్డులో సిస్టర్లకి తెలుగు రాకపోతే నొప్పిగా ఉందనడానికి "వలిక్కుదు" అనాలని నేర్పండి. తెలుగే తడబడే పిల్ల నోట అరవం మాట విని తాతయ్య మురిసిపోతాడు.

వెళ్ళేముందు ఇంట్లో అందరి పాదాలూ ఒకసారి చూడండి, ముఖ్యంగా మెలనోమా వచ్చినవారి పిల్లలవీ, తోబుట్టువులవీ. గోరింటాకు పెట్టకముందే చూడాలి, పెట్టాక మచ్చ కనబడదు. గోళ్ళరంగు తుడిచి, లైటు కింద, వేళ్ళ సందుల్లోనూ చూడాలి. గోటిలో కొత్తగా నల్లగీత కనబడినా, అది వెడల్పవుతున్నా, ఆ నలుపు గోరు దాటి చర్మం మీదికి వచ్చినా ఫోటో తీసి, తేదీ రాసి, ఆ వారంలోనే చర్మం డాక్టరుకి చూపించండి.