చెన్నై ఇంట్లో గోడకు చెక్క బీడింగు: మూలల దగ్గర సందు రాకుండా

గది గోడల చుట్టూ నడుము ఎత్తున అందం కోసం బిగించే సన్న చెక్క పట్టీయే బీడింగు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోకండి. ఆ వానల్లో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. అప్పుడు బిగిస్తే ఎండలు ముదిరాక కుంచించుకుని మూలల్లో సందులు తేలతాయి. ఫిబ్రవరి, మార్చి మంచి అదను.

గోడ కూడా ఆరి ఉండాలి. అడుగు చదరం పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. గోడవైపు నీటి బొట్లు కనిపిస్తే ముందు చెమ్మ సంగతి చూసుకోవాలి, చెక్క కొనడం తర్వాత. ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) పట్టీ చవక, పెయింటు కూడా నున్నగా పడుతుంది. కానీ ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే మళ్లీ పాత రూపానికి రాదు. కింది అంతస్తుకూ, బాత్రూమ్ పక్క గోడకూ టేకే మేలు.

పది బై పన్నెండు గది చుట్టుకొలత 44 అడుగులు. తలుపు 3 అడుగులు తీసేస్తే 41. 8 అడుగుల పట్టీలు లెక్కకు ఆరు చాలు, కానీ తలుపు లేని ఏ గోడకైనా అతుకు తప్పదు, అతుకులో కొంత పోతుంది. ఏడు తెచ్చుకోండి. వాటిని అదే గదిలో వారం పాటు, మధ్యలో పుల్లలు పెట్టి పరచండి. తర్వాత వెనకవైపు కూడా ప్రైమర్ వేయాలి. చాలామంది వదిలేసేది ఇదే, చెక్క వంగిపోయేదీ ఇందుకే.

ఎత్తు నేల మీంచి చోటుచోటుకీ కొలవద్దు, నేల సమంగా ఉండదు. ఒకచోట 33 అంగుళాల దగ్గర గుర్తు పెట్టి, నీళ్లు నింపిన పారదర్శక ట్యూబుతో (రెండు కొసల్లోనూ నీటి మట్టం ఒకటే ఉంటుంది) ఆ మట్టాన్ని అన్ని మూలలకూ తీసుకెళ్లండి.

గది మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉండటం అరుదు. అందుకే లోపలి మూలలో రెండు పట్టీలనూ 45 కోసి కలిపితే సందు వస్తుంది. మొదటి పట్టీ కొసను తిన్నగా కోసి మూలలో పక్క గోడకు ఆనించండి. రెండోదాన్ని మైటర్ బాక్సులో (రంపం కోణం తప్పకుండా గాడులున్న పెట్టె) 45 కోస్తే అంచున పట్టీ ఆకారం గీతలా తేలుతుంది. ఆ గీత వెంటే సన్నబ్లేడు కోపింగ్ రంపంతో, వెనక్కి కాస్త ఏటవాలుగా కోయండి. అది మొదటి పట్టీ మీద అచ్చు గుద్దినట్టు కూర్చుంటుంది, మూల కొంచెం అటూఇటూ ఉన్నా తెలియదు. బయటి మూలలకు మాత్రం 45 కోతే. ముందు పనికిరాని ముక్కల మీద కోసి కోణం చూసుకోండి.

స్విచ్‌బోర్డు నుంచి కింది ప్లగ్ పాయింటుకు వైర్ల పైపు సాధారణంగా నిట్టనిలువుగా దిగుతుంది. ఆ దారికి ఇరువైపులా 6 అంగుళాల లోపు డ్రిల్లు పెట్టొద్దు. మిగతాచోట్ల అడుగున్నరకో రంధ్రం చాలు. పట్టీ 12, ప్లాస్టరు సుమారు 15 మిల్లీమీటర్లు, కాబట్టి స్క్రూ 50 ఉంటేనే ఇటుకను పట్టుకుంటుంది. రంధ్రంలో స్క్రూ కోసం దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు ప్లాస్టరు దాటి లోపలికి దిగాలి, లేకపోతే ప్లాస్టరు పెచ్చు ఊడుతుంది. పట్టీ చివరి నుంచి 2 అంగుళాల లోపు స్క్రూ పడితే చెక్క చీలుతుంది. ఫెవికాల్ అతుకులకే, గోడకు వద్దు.

స్క్రూ తలల మీద వుడ్ పుట్టీ పెట్టి రుద్దండి. పై అంచున గోడతో మిగిలే సందుకు యాక్రిలిక్ ఫిల్లరే వాడాలి, సిలికాన్ మీద పెయింటు నిలవదు.