నాన్న పొలం వెళ్ళాడు

మా అత్తయ్య నాకు మేనత్త కూడా. నాన్నకి చెల్లెలు. 2021లో ఆవిడ మతిమరుపు ముదిరి, ఇంటి తాళాలు బియ్యం డబ్బాలో దొరకడం మొదలయ్యాక గుంటూరు తీసుకెళ్ళాం. ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు రాశారు. వాటి తేడా వల్ల కూడా మతిమరుపు వస్తుందట, మందు వాడితే కోలుకోవచ్చట. రిపోర్టులొచ్చే దాకా ఆవిడకి బి12 తక్కువుండాలని మొక్కుకున్నాను. రెండూ బాగానే ఉన్నాయి. అల్జీమర్స్ అన్నారు. డోనెపెజిల్ రాసి, దీంతో జబ్బు పోదమ్మా అని ముందే చెప్పేశారు.

సాయంత్రం ఐదు దాటిందంటే గేటు దగ్గరికి చేరేది. "వదినా, అన్నయ్య ఇంకా రాలేదేం?"

ఆ వదిన మా అమ్మ. పోలికలు అలాంటివి, నన్ను చూసి మా అమ్మనుకునేది. ఆ అన్నయ్య మా నాన్న. 2017లో పోయాడు. అబద్ధం ఆడటం ఎందుకని, "నాన్న లేడు కదా అత్తయ్యా" అనేదాన్ని. అప్పుడే కబురు అందినట్టు గుండెలు బాదుకుని ఏడ్చేది. పది నిమిషాల్లో పైటతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ, "అన్నయ్య రాలేదేం?" కొన్ని సాయంత్రాలు మూడుసార్లు నాన్న చావు చెప్పేదాన్ని. ఆవిడ మర్చిపోయేది. నాకు ఆ వెసులుబాటు లేదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు కాఫీ తాగి, "సేవ చేసుకునే భాగ్యం అందరికీ రాదు" అని వెళ్ళేవాళ్ళు. ఆ భాగ్యంలో ఒక్క రాత్రి వంతు తీసుకుంటానన్నవాళ్ళు లేరు.

ఒకరోజు రాత్రి రెండింటికి గేటు గొళ్ళెం చప్పుడైంది. వెళ్ళి లాగితే రానంది. చేతి మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. పొద్దున ఆ చెయ్యే నాకు చూపించి, "ఎవరో కొట్టారు వదినా" అంది. కొబ్బరినూనె రాశాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

తర్వాత రెండు వారాలకి కుడి పక్కటెముకల మీద మంట. ఆవిణ్ణి లేపేటప్పుడు పట్టేసిందనుకుని బామ్ రాశాను. మూడో రోజుకి నీటిపొక్కులు లేచాయి. పక్కింటి పిన్నిగారు చూసి సర్పి అని, మంత్రం వేయిద్దామన్నారు. పొక్కులు లేచిన నాలుగు రోజులకి డాక్టరు దగ్గరికెళ్తే, లేచిన 72 గంటల లోపు రావాల్సిందన్నాడు. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరస్ నరాల్లో పడుకుని ఉండి, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు లేస్తుందట. రోజుకి 5 మాత్రలు, 7 రోజులు. పొక్కుల్లో నీరు తగిలితే ఆటలమ్మ పోయనివాళ్ళకి అది రావచ్చు, మీ అత్తగారికి ఎప్పుడైనా పోసిందా అని అడిగాడు. ఆ సంగతి తెలిసిన మనిషి ఆవిడొక్కతే. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను, చాలాసేపు. ఆయన పెన్ను పక్కన పెట్టి, "రాత్రిళ్ళు ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అన్నాడు. లెక్క చెప్పలేకపోయాను.

హైదరాబాదు నుంచి మా ఆడపడుచు వచ్చి మూడు వారాలుంది. మొదటి రాత్రే తనకి అర్థమైపోయింది, నేను వివరించే పని పడలేదు. ఇప్పుడు నెలకి పది రోజులు వాళ్ళమ్మ దగ్గర తనే ఉంటుంది. మా ఆయన వారానికి రెండు రాత్రులు ఆ గదిలో పడుకుంటున్నారు. ఇది ముందే అడిగి ఉండాల్సింది. అడిగితే చేతకాదనుకుంటారని నా భయం.

పొక్కులు మాడినా మంట రెండు నెలలుంది, జాకెట్టు అంచు తగిలినా ప్రాణం పోయేది. ఆ రోజుల్లోనే ఒక రాత్రి, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడింది ఒకమ్మాయి. కొట్టిన సంగతి మొదటిసారి బయటికి చెప్పింది ఆ అమ్మాయితోనే. తిట్టలేదు. సైకియాట్రిస్టుని కలవమంది. నాన్న సంగతి కూడా విని, "నిజం చెప్తే ఇద్దరూ ఏడుస్తున్నారు కదా మేడమ్, మరెందుకు చెప్పడం?" అంది. సైకియాట్రిస్టు రాసిన మాత్రలు ఆరు నెలలు వాడాను. నిద్ర తిరిగొచ్చింది.

మొన్న సాయంత్రం మళ్ళీ గేటు దగ్గర నిలబడింది.

"వదినా, అన్నయ్య రాలేదేం?"

"పొలం వెళ్ళాడు."

"చీకటి పడుతోంది. లాంతరు పట్టికెళ్ళాడా?"

"పట్టికెళ్ళాడు."

సరే అని లోపలికొచ్చి అన్నానికి కూర్చుంది.