భగణంలో రెండు చప్పట్లు

మన రంగస్థల కోర్సు పాత విద్యార్థుల సమావేశం సంచిక కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చాక రాయడానికి కూర్చున్నాను. "నాలుగు సెమిస్టర్ల జ్ఞాపకాలు, రెండు పేజీలు చాలు" అన్నారు. నాలుగూ రాయను. హాస్టల్ గురించి, టూర్ గురించి, లైట్ బూత్‌లో పిల్లి ఈనిన రాత్రి గురించి రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. నేను రాసేది మూడో సెమిస్టరు, పొద్దున్న ఆరున్నర, చెక్క నేల గది, మేడమ్. అంతే.

మన టైం టేబుల్‌లో యూరోపియన్ థియేటర్ సిద్ధాంతం పై అంతస్తులో, మధ్యాహ్నం. అభినయం కింద, పొద్దున్న. పైన నోట్సు, కింద చెమట. మేడమ్ వచ్చాక పుస్తకం కిందికి దిగింది. రూళ్ళ నోటుబుక్కులో ఎడమ పేజీ మీద ఒకే ఒక్క వాక్యం, ఆరోజు చదివిన దాంట్లోంచి. కుడి పేజీ మీద ఆ వాక్యాన్ని ఒంటితో పరీక్షించినప్పుడు ఏం జరిగిందో. మర్నాడు అదే పేజీ అడుగున, రెండోసారి చేస్తే ఏం మారిందో. ఏమీ మారకపోతే ఆ వాక్యం అర్థం కానట్టే లెక్క. మళ్ళీ చదవాలి. "బాగా చేశాను", "ఫీలయ్యాను" అని రాస్తే కొట్టేసేవారు. బరువు ఏ కాలి మీద ఉంది, చూపు ఎక్కడుంది, ఊపిరి ఎప్పుడు ఆగింది, ఇవే రాయాలి.

ఆ సెమిస్టరంతా రష్యన్ నాటక దర్శకుడు మేయర్‌హోల్డ్, నటుల ఒంటికి ఆయన పెట్టిన వ్యాయామాలు. దాక్తిల్ బ్యాచ్ అని మనకి పేరొచ్చింది అప్పుడే.

దాక్తిల్ వాటిలో మొదటిది. అందరం చేతులు చాచినంత ఎడంలో నిలబడేవాళ్ళం. కాళ్ళు భుజాల వెడల్పున, మోకాళ్ళు వదులుగా, బరువు అరికాలి ముందు భాగం మీద. చేతులు ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. అక్కడి నుంచి ఒక్క ఊపున తలపైకి, మడమలు లేచేదాకా ఒళ్ళంతా సాగాలి. ఆ పైనుంచి మోకాళ్ళు వంచి దిగుతూ వెంటవెంటనే రెండు చప్పట్లు. చేతులు వెనక్కి విడిపోతాయి. ఆగాలి. మేయర్‌హోల్డ్ పద్ధతిలో ప్రతి ఎత్యూద్‌కీ, అంటే కదలికలతో అల్లిన ప్రతి చిన్న అభ్యాసానికీ, ముందు ఇదే. గుంపు మొత్తాన్ని ఒక లయలోకి తెచ్చేది ఇదే. దాక్తులోస్ అంటే గ్రీకులో వేలు, ఒక పొడుగు కణుపు, రెండు పొట్టి కణుపులు. ఆ మాట చెప్పగానే వెనక వరసలోంచి మన అవధాని "యమాతారాజభానసలగం" అని అందుకున్నాడు, గుర్తుందా? గురువు, లఘువు, లఘువు. భగణం! వారం రోజులుగా కుదరనిది ఆ పూట కుదిరింది. తప్పు కూడా ఛందస్సులోనే దొరికింది. పైకి సాగడంలో తొందరపడితే మూడూ లఘువులైపోతాయి, అది నగణం. రెండో చప్పట్ని సాగదీస్తే దిగడం అక్కడే చచ్చిపోతుంది. మోకాళ్ళు బిగబట్టి దిగితే ఆ అదురు నేరుగా నడుముకి తగులుతుంది.

తర్వాత విల్లు ఎత్యూద్. చేతిలో విల్లు ఉండదు. నేలకి ఒరిగిన చోట ఎడమ చేత్తో విల్లు అందుకుని మెల్లగా లేవాలి, ఎడమ భుజం ముందుకి. గురి కనిపించగానే బరువు రెండు కాళ్ళ మీదా సమానం. కుడి చెయ్యి పెద్ద వంపు తిరుగుతూ అమ్ము కోసం వెనక్కి వెళ్తుంది, బరువు వెనక కాలికి. అమ్ము సంధిస్తే ముందు కాలికి. నారి లాగితే మళ్ళీ వెనక్కి. వదిలితే గెంతు, కేక.

ఇందులో అందరం చేసిన మొదటి తప్పు, విల్లుని చూపించబోవడం. వేళ్ళు విల్లుని బ్రహ్మాండంగా పట్టుకునేవి, కాళ్ళు మాత్రం బస్టాపులో నిలబడ్డట్టుండేవి. చూసేవాడికి విల్లు కనిపించేది వేళ్ళలో కాదు, కాళ్ళ మధ్య బరువు మారడంలో. రెండో తప్పు, నారి లాగేటప్పుడు వెనక మోకాలు బిగుసుకోవడం. అప్పుడు గెంతడానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? మూడోది కేక ముందే రావడం, అదీ గొంతులోంచి. నాలుగోది చూపు చేతివెంట పోవడం. ఈ గెంతు సిమెంటు నేల మీద చేస్తే మడమలు దెబ్బతింటాయి. అందుకే ఆ చెక్క గది కోసం మేడమ్ అన్ని ఉత్తరాలు రాసింది.

ఎడమ పేజీ పనికొచ్చింది ఇక్కడే. పనిని మేయర్‌హోల్డ్ ముక్కలు చేశాడు. చేయబోయే దిక్కుకి ఎదురుగా ముందు వెళ్ళడం అత్కాజ్. పొట్టేలు ఢీకొట్టే ముందు వెనక్కి తగ్గడం అదే. అసలు పని పసీల్. దాని చివర ఆగిన చోటు తోచ్కా. ఇవన్నీ జరుగుతుంటే కదలికని పట్టి వదిలే బిగువు తోర్మజ్. బావిలోకి చేద దించేటప్పుడు అరచేతిలో తాడుని ఒత్తి పట్టి వదులుతాం చూడండి, ఆ బిగువు. పేరు తెలిశాక తప్పు ఏ ముక్కలో ఉందో వెతుక్కోవచ్చు. "గెంతు రావట్లేదు" అన్నవాడు "నా అత్కాజ్ చిన్నది" అని రాయడం మొదలుపెట్టాడు. సురభి నుంచి వచ్చిన మన తమ్ముడికి అత్కాజ్ పుట్టుకతోనే ఉంది, పేరు మాత్రం తెలియదు. కూచిపూడి నేర్చిన అక్కలిద్దరికీ బరువు మార్పు క్షణంలో వచ్చేసింది, కానీ తోచ్కా దగ్గర భంగిమలో స్థిరపడిపోయేవాళ్ళు. తోచ్కా అంటే విశ్రాంతి కాదు, తర్వాతి అత్కాజ్ అప్పటికే లోపల మొదలై ఉండాలి.

1922 జూన్ 12న మాస్కోలో ఇచ్చిన ఉపన్యాసంలో మేయర్‌హోల్డ్ నటుణ్ణి ఒక సూత్రంగా చెప్పాడు. నటుడు సమానం ఒకటో ఏ ప్లస్ రెండో ఏ. ఒకరు తలపెట్టి ఆజ్ఞ ఇచ్చేవాడు, ఇంకొకరు ఆ ఆజ్ఞ నెరవేర్చే శరీరం, ఇద్దరూ ఒకే మనిషి. పై అంతస్తులో చదివినప్పుడు అది లెక్కల క్లాసులా ఉంది. విల్లు వంద సార్లు లాగాక మాత్రం మనలో ఆ ఇద్దరూ ఎప్పుడు విడిపోతున్నారో తెలిసింది. భయపడి పరిగెత్తడం కాదు, పరిగెత్తడం వల్లే భయం అన్న మనస్తత్వవేత్త విలియం జేమ్స్ మాట కూడా అలాగే, గెంతి కేకేశాక గుండె కొట్టుకున్నప్పుడు నమ్మాం.

మేయర్‌హోల్డ్‌ని 1939లో అరెస్టు చేసి 1940 ఫిబ్రవరి 2న కాల్చి చంపారు. ఆయన పేరే నిషేధం. ఎత్యూద్‌లు మిగిలింది నికొలాయ్ కుస్తోవ్ లాంటి శిష్యుల ఒంట్లో. కుస్తోవ్ 1970లలో మాస్కోలో కొందరు కుర్ర నటులకి నేర్పాడు, అందులో బగ్దానొవ్, లెవీన్‌స్కీ ఉన్నారు. వాళ్ళ ద్వారానే ఐరోపా అంతా చేరింది. రాతల్లో ఉన్న వర్ణన ఒక్కటే దొరికుంటే విల్లు ఎంత వంగాలో ఎవరికీ తెలిసేది కాదు. కుస్తోవ్ ఒక్కడే ఉండి రాతలు పోయుంటే ఎందుకు వంగాలో తెలిసేది కాదు. మేడమ్ ఈ సంగతి చెప్పిన రోజు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

సెమిస్టరు చివర్లో రష్యన్ రచయిత చెహోవ్ పెళ్ళిచూపుల ప్రహసనం వేశాం. ఎడ్ల బీడు ఎవరిదన్న తగాదా! పిల్లనడగడానికొచ్చిన లోమోవ్ కాలు మొద్దుబారిన ప్రతిసారీ మనం ఒక అత్కాజ్ పెట్టాం, మూర్ఛకో తోచ్కా, గ్లాసు ఎత్తితే ఒకటి. మొదటి రన్‌లో ఒక్కరూ నవ్వలేదు. అప్పుడు మేడమ్ 1935 నాటి "33 మూర్ఛలు" గురించి చెప్పింది. చెహోవ్ చిన్న ప్రహసనాలు మూడింటిని కలిపి, మూర్ఛలు లెక్కపెట్టి, వాటి చుట్టూ మేయర్‌హోల్డ్ అల్లిన ప్రదర్శన. అతి తెలివికి పోయి హాస్యాన్ని పోగొట్టుకున్నామని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. మర్నాడు కూర్చుని తీసేశాం. దృశ్యానికి మూడే అత్కాజ్‌లు మిగిలాయి: టోపీ తీసేముందు, "ఎడ్ల బీడు మాది" అనేముందు, కుర్చీలో కూలబడేముందు. మిగతాది మాటలకి వదిలేశాం. జనం పడీపడీ నవ్వారు. ఆ రాత్రి కుడి పేజీ మీద నేను రాసుకున్న వాక్యం ఇప్పటికీ ఉంది: "వ్యాయామం ఒంట్లో ఉండాలి, వేదిక మీద కాదు."

ఇప్పుడు నేను బడిపిల్లలకి పాఠం చెబుతున్నాను. పదేళ్ళ వాళ్ళు దాక్తిల్ చేస్తూ భగణం అని అరుస్తుంటే బాగుంటుంది. మనవాళ్ళలో ఐదుగురు సొంత బృందాలు నడుపుతున్నారు, ఒకరు రంగస్థలం మీద పీహెచ్‌డీ చేసి పై అంతస్తు గదిలోనే పాఠం చెబుతున్నారు. ఆమె కూడా పుస్తకాన్ని కిందికి తెస్తోందని విన్నాను.

కమిటీకి ఒక్క మనవి. సమావేశం రోజు సన్మానాలు పదింటికని వేశారు. చెక్క గది తాళం ముందు రోజే తీసుకుని ఉంచండి. ఆరున్నరకి వస్తాం, పల్చటి అడుగున్న బూట్లతో. మోకాళ్ళు సహకరించనివాళ్ళు గెంతు వదిలేసి బరువు మార్పు వరకే చెయ్యండి. మేడమ్‌ని కుర్చీలో కూర్చోబెట్టండి, చప్పట్లు ఆవిడ లెక్కిస్తుంది.

ఎడ్ల బీడు మాత్రం మాదే.