కళ్లు మూస్తే తూలు

"కళ్లు మూసుకోండి బాబాయ్" అన్నానో లేదో, ఆయన పక్కకు ఒరిగిపోయారు. చేతులు చాచి సిద్ధంగా ఉన్నాను కాబట్టి పట్టుకోగలిగాను. "పొద్దున ముఖం కడుక్కునేటప్పుడూ ఇంతేనమ్మా, సబ్బు నురగకు కళ్లు మూస్తే తూలిపోతాను" అన్నారు.

కాలు నేల మీద ఎక్కడుందో మెదడుకు చేరవేసే నరాలు వెన్నుపాము వెనుక భాగంలో ఉంటాయి. లైంగికంగా సోకే సిఫిలిస్ జబ్బుకు వైద్యం అందకపోతే, అది 20 ఏళ్ల తర్వాత కూడా వాటిని దెబ్బతీయగలదు. ఇన్నాళ్లూ ఆ లోటును ఆయన కళ్లే పూడ్చాయి.

ఈ జబ్బుకు పెన్సిలిన్ పనిచేస్తుందని 1943లోనే తేలింది. పోయిన నరాలను అది తిరిగి తేలేదు, మిగిలినవాటిని కాపాడుతుంది. మొదట్లోనే ఒక్క రక్తపరీక్ష చేయించుకుని ఉంటే!

సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదట. మనిషిని ఇంతగా భయపెట్టిన ఆ సిగ్గు మీద నాకు చెప్పలేనంత కోపం వస్తోంది.

రేపు ఆయన భార్యనూ పరీక్షకు తీసుకురమ్మన్నాను.